మీ నాన్న నోటు పుస్తకాలు తూకానికి వేయకు

కోడలు పిల్లా,

నాలుగు రోజులు లీవు పెట్టి బెంగళూరు నుంచి వచ్చి, నాన్న పోయాక చెన్నై పెరంబూరు ఇల్లు ఒక్కదానివే ఖాళీ చేసేస్తానన్నావట, మీ తమ్ముడు చెప్పాడు. నీ ధైర్యానికి సంతోషమే కానీ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాలుగు రోజులేంటే వెర్రిదానా, ముప్పై ఏళ్లకు పైగా ఉన్న ఇల్లది!

పాసు పుస్తకాలు, ఎల్ఐసీ బాండ్లు, ఇంటి మూల పత్రం ముందే పక్కన పెట్టుకో. మరణ ధ్రువపత్రం కాపీలు ఓ పది తీయించు. పదేళ్లు ఎవరూ కదపని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్లిపోతాయి. వారసులు అడిగితే ఇస్తారు. వెతకడానికి 2023లో ఉద్గమ్ అని వెబ్‌సైటు పెట్టారు, అందులో చూడు. ఇవన్నీ నీకు నేను చెప్పక్కర్లేదులే.

నా టెన్షనంతా నోటు పుస్తకాల గురించే.

1994లో మా అమ్మ పోయినప్పుడు నేనూ ఇలాగే తొందరపడ్డాను. ట్రంకు పెట్టెలో ఉన్న ఆవిడ చిట్టా పుస్తకాలన్నీ పాత పేపర్లవాడికి వేసేశాను. అడుగున పసుపు గుడ్డలో మూట కట్టిన కమ్మల జత దొరికింది. ఆవిడ చెవికి ఏనాడూ చూడలేదు, అయినా అమ్మవే అనుకుని కరిగించి నా కూతురికి ఉంగరం చేయించాను. రెండు నెలలకు మాకు పూలు పోసే ఆవిడ వచ్చి నిలబడింది. మొగుడు తాగుడికి అమ్మేస్తాడని అమ్మ దగ్గర దాచుకుందట, అమ్మ పుస్తకంలో రాసుకుందట కూడా. ఏ పుస్తకం అని అడిగాను చూడు, సిగ్గు లేకుండా. మీ నాన్నా నేనూ అప్పు చేసి అదే బరువుకి కొత్తవి చేయించి ఇచ్చాం. తీసుకుంది. పాతవి వాళ్లమ్మ పెట్టినవని మాత్రం వెళ్తూ వెళ్తూ చెప్పింది. మర్నాడు కూడా ఎప్పట్లాగే పూలు పోసి వెళ్లింది, తిట్టినా బాగుండేది.

మీ నాన్న నన్నొక్క మాట అనలేదు. కానీ అప్పట్నుంచి అన్నీ రాయడం మొదలుపెట్టాడు, ఎవరికెంత ఇచ్చాడో, ఎవరి గొడుగు మనింట్లో ఉండిపోయిందో. 2015 వరదలో అవి తడిస్తే మిద్దె మీద పరిచి, ఎగిరిపోకుండా గిన్నెలు బరువు పెట్టి ఆరబెట్టాడు, మీకు ఫోన్లో మాత్రం ఇక్కడంతా బాగానే ఉందన్నాడు. కొన్ని పేజీలు అతుక్కుపోయి ఉంటాయి, లాగకు తల్లీ.

నెలనెలా ఎవరికో డబ్బు పంపినట్టు కనిపిస్తుంది. కంగారుపడి మీ తమ్ముడికి ఫోన్ చేయకు, ముందు నన్నడుగు, కొన్ని పేర్లు నాకు తెలుసు.

లెక్కలన్నీ తమిళంలో రాసేవాడు, నీకేమో చదవడం రాదు. నేనే వచ్చి చదువుతా, కళ్లజోడు కూడా మార్పించుకున్నాను. మధ్యాహ్నం భోజనం తెస్తాను, హోటల్లో తినకు.