మీ ప్రశ్నలు – మా జవాబులు: ‘ఈజ్ ఇట్?’ అన్నిటికీ చెల్లదు

ప్రశ్న: ఇంగ్లిష్‌లో ఎవరేం చెప్పినా ‘ఓకే’, ‘ఈజ్ ఇట్?’ తప్ప నా నోట మరో మాట రాదు. ఎలా?

జవాబు: ఎదుటివారి వాక్యంలోని సహాయక క్రియను (యామ్, ఈజ్, కెన్ వంటి మాటను) పట్టుకోండి. తెలుగులో ‘అవునా?’ అంటే ఎక్కడైనా సరిపోతుంది. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. ‘ఐ యామ్ టయర్డ్’ అన్నవారితో ‘ఆర్ యూ?’ అనాలి, ‘షి కెన్ డ్రైవ్’ అంటే ‘కెన్ షి?’ అనాలి. సహాయక క్రియ పైకి కనబడకపోతే డూ, డజ్, డిడ్‌లలో ఒకటి తెచ్చుకోవాలి: ‘ఐ మిస్డ్ ద బస్’ అంటే ‘డిడ్ యూ?’. ‘ఈజ్ ఇట్?’ నప్పేది ‘ఇట్ ఈజ్ లేట్’ వంటివాటికే. అక్కడితో ఆగకుండా చిన్న ప్రశ్న జోడిస్తే సంభాషణ సాగుతుంది: ‘డిడ్ యూ? హౌ డిడ్ యూ గెట్ హోమ్?’. చెడు వార్తకు మాత్రం ‘ఓకే’ అనకండి, పట్టనట్టు ఉంటుంది. ‘అయామ్ సారీ టు హియర్ దట్’ అనండి.

అసలు చిక్కు వ్యతిరేక ప్రశ్నలతోనే. ‘డిడ్న్ట్ యూ ఈట్?’ అని అడిగితే మనవాళ్లు ‘అవును, తినలేదు’ అన్న ఉద్దేశంతో ‘యెస్’ అంటారు. వినేవారికి తిన్నట్టు అర్థమవుతుంది. తినకపోతే ‘నో, ఐ డిడ్న్ట్’ అనాలి. ‘డూ యూ మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?’ (నేనిక్కడ కూర్చుంటే అభ్యంతరమా?) అన్నప్పుడు కూడా ‘నో, నాట్ ఎటాల్’ అంటేనే కూర్చోమన్నట్టు.

ప్రశ్న: ‘ఇఫ్ ఐ విల్ గో’ తప్పెందుకు? రేపటి సంగతే కదా? వుడ్, వుడ్ హావ్ కూడా కలగాపులగం అవుతున్నాయి.

జవాబు: రేపటి సంగతని రెండో భాగంలోని విల్ చెబుతుంది, ఇఫ్ పక్కన వర్తమాన కాలం చాలు: ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ విల్ స్టే’. ‘దయచేసి’ అన్న భావంతో వాడే ‘ఇఫ్ యూ విల్ వెయిట్ ఎ మినిట్’ దీనికి మినహాయింపు.

ఇప్పుడు లేనిదాన్ని ఊహిస్తే క్రియ భూతకాల రూపంలోకి మారుతుంది, అర్థం మాత్రం ఇప్పటిదే. ‘ఇఫ్ ఐ హ్యాడ్ టైమ్, ఐ వుడ్ హెల్ప్’ అంటే ఈ క్షణాన తీరిక లేదని. జరిగిపోయినదాన్ని ఊహలో మార్చాలంటే ఇంకో మెట్టు వెనక్కి వెళ్లాలి: ‘ఇఫ్ యూ హ్యాడ్ టోల్డ్ మీ, ఐ వుడ్ హావ్ కమ్’. మీరు చెప్పలేదు, నేను రాలేదు. ఒకటో రకం, రెండో రకం అని అంకెలు బట్టీపట్టడం కన్నా ఈ రెండు ప్రశ్నలు వేసుకోవడం మేలు: ఇది నిజంగా జరగవచ్చా? జరగకపోతే, మాట ఇప్పటిదా, అప్పటిదా? రెండు కాలాలూ ఒకే వాక్యంలో కలవొచ్చు: ‘ఇఫ్ ఐ హ్యాడ్ స్లెప్ట్ వెల్, ఐ వుడ్న్ట్ బీ టయర్డ్ నౌ’.

చాలామంది ‘ఇఫ్ యూ హ్యాడ్ టోల్డ్ మీ’ బదులు ‘ఇఫ్ యూ వుడ్ హావ్ టోల్డ్ మీ’ అని తప్పుగా అనేస్తారు. వేగంగా మాట్లాడేటప్పుడు హ్యాడ్, వుడ్ రెండూ ‘డ్’గా కుదించుకుపోవడం ఇందుకొక కారణం. ‘ఇఫ్ యూడ్ టోల్డ్ మీ, ఐడ్ హావ్ కమ్’ విన్నప్పుడు తర్వాతి క్రియను గమనించండి. టోల్డ్, సీన్, గాన్ వంటి రూపం వస్తే అది హ్యాడ్. టెల్, గో, హావ్ వంటి మూలరూపం వస్తే వుడ్.

ప్రశ్న: ఒంటరిగా సాధన చేసేదెలా?

జవాబు: ఐదు మామూలు వాక్యాలు ఫోన్‌లో రికార్డు చేయండి, ఒక్కోదాని తర్వాత నాలుగు సెకన్ల ఖాళీ వదలండి. తిరిగి వింటూ ఆ ఖాళీలో సరైన స్పందన పైకి అనండి. తర్వాత వాటిలో ఒకదాన్ని ఇఫ్‌తో రేపటికి, ఇప్పటి ఊహకు, నిన్నటి ఊహకు మార్చండి. ‘ఐ లాస్ట్ మై కీస్’ తీసుకుంటే: ‘ఇఫ్ ఐ లూజ్ దెమ్, ఐల్ కాల్ యూ’, ‘ఇఫ్ ఐ లాస్ట్ దెమ్, ఐడ్ కాల్ యూ’, ‘ఇఫ్ ఐ హ్యాడ్న్ట్ లాస్ట్ దెమ్, ఐ వుడ్న్ట్ హావ్ కాల్డ్ యూ’.