పక్కవాద్యానికి కూర్చునే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

మొన్న నువ్వు వయొలిన్ పక్కవాద్యం వాయించిన కచేరీ వెనక వరసలో కూర్చుని విన్నానమ్మా. చేతికి వేగం వచ్చింది, శ్రుతి నిలబడింది. కానీ కల్యాణి రాగం ఆలాపనలో పాడే ఆవిడ తారషడ్జం, అంటే పై 'స' మీద నిలిచి ఊపిరి తీసుకుంటుంటే, నువ్వు అప్పుడే జవాబు మొదలుపెట్టేశావు. ఆ ఊపిరి ఇంకా పైనున్న గాంధారానికి, ఆ 'గ'కి వెళ్లడానికి. రెండుసార్లు అలా అయ్యాక ఆవిడ పైకి వెళ్లకుండానే దిగిపోయింది. సభలో ఎవరూ గమనించలేదేమో గానీ నా మనసు చివుక్కుమంది.

ఇది నీ ఒక్కదానికే ఉన్న లోపం కాదు. అవతలివాళ్లు పాడుతుంటే, నా వంతు వస్తే ఏం వాయించాలా అని లోపల కూర్చుకుంటూ ఉంటాం. నాకు పాతికేళ్లప్పుడు ఒక గుడి ఉత్సవంలో ఒక పెద్దాయన నాయకి రాగం ఎత్తుకున్నారు. మొదటి సంగతికే దాన్ని పోలిన దర్బారు రాగమని తేల్చేసుకుని, నా వంతు రాగానే 'గగరిస' అని జంట గాంధారం నొక్కి వాయించాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నాయకి సంచారాన్నే మళ్లీ నిదానంగా పాడారు. అందులో ఆ జంట లేనే లేదు. అంతసేపూ నాకు వినపడింది నా తలలో ఉన్న దర్బారే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే ముందు తంబుర దగ్గర కూర్చో. ఫోన్ యాప్ వద్దు, మా ఇంట్లో తంబుర పట్టుకెళ్లు. తీగ కింద మేరువు మీద పెట్టే జీవాళి దారం సరిగ్గా కుదిరితే, మంద్ర షడ్జం తీగ మీటినప్పుడు అందులోంచి అంతర గాంధారం దానంతటదే పలుకుతుంది. ఏ తీగనీ మనం గాంధారానికి శ్రుతి చెయ్యం. ఆ షడ్జం కంపనానికి ఐదు రెట్ల వేగంతో అదే తీగలో పుట్టే స్వరం అది. రోజూ పావుగంట, వయొలిన్ ముట్టకుండా, అది వినపడేదాకా మీటు. మొదట్లో ఏమీ వినపడక విసుగొస్తుంది, మానెయ్యకు. ఒక్కసారి చెవికి చిక్కిందా, శంకరాభరణం వాయించేటప్పుడు గాంధారం కోసం వేలు తడుముకోదు.

తర్వాత రికార్డింగులు. ఒకే కచేరీని మూడుసార్లు విను: ఒకసారి గాత్రం, ఒకసారి వయొలిన్, ఒకసారి మృదంగం ఎడమ చెయ్యి మాత్రమే. చేత్తో తాళం వేస్తూనే ఉండు. ఆ ఎడమచేతి గుంకీ, అంటే ఆ జారే బరువైన నాదం, ఎక్కడ పడుతోందో తెలిస్తే, స్వరకల్పనలో పల్లవి ఎత్తుగడకి చేరేటప్పుడు టెన్షన్ ఉండదు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారి వాయిద్యం తప్పకుండా విను. చూపు మందగించి బడిచదువు ఆగిపోయిన మనిషి, 1936లో విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన వాయిద్యంలో స్వరానికీ స్వరానికీ మధ్య కమాను ఎంత తేలికపడుతుందో గమనించు. నాకు ఆ చోట్లంటే ప్రాణం.

వేదిక మీద ఇంకో సంగతి. వయొలిన్ మన చెవి పక్కనే ఉంటుంది కాబట్టి మన నాదమే మనకి ఎక్కువ వినపడుతుంది. మైక్ అతన్ని నీ మానిటర్‌లో గాత్రం పెంచమని అడుగు, వయొలిన్ పెంచమని అడక్కు. కచేరీ రెండో సగంలో గొంతు అలిసిపోతుంది. అది కనిపెట్టి నువ్వే కమాను తేలిక చెయ్యి. మృదంగం ఒంటరిగా వాయించే తనిఆవర్తనంలో శ్రుతి బిరడాలు సవరిస్తూ కూర్చోవద్దు, తాళం వేస్తూ విను.

మొన్నటి కచేరీ రికార్డు చేశావుగా? రెండు రోజులు ఆగి విను. ఆవిడ ఊపిరి మీద నీ కమాను ఎన్నిచోట్ల పడిందో కాగితం మీద రాసుకో. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ కాగితం తీసుకురా, వయొలిన్ తేకపోయినా పర్వాలేదు. ఇద్దరం కలిసి విందాం.

మీ మావయ్య