క్యాన్సర్‌ను ముందే ఆపగలమా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: విటమిన్లు, యాంటీ ఆక్సిడెంట్ల మాత్రలు రోజూ వేసుకుంటే క్యాన్సర్ దరిచేరదని తరచూ చదువుతున్నాను. పండ్లు, కూరగాయలు మంచివని డాక్టర్లే చెబుతున్నప్పుడు, వాటిలోని సారాన్ని మాత్ర రూపంలో తీసుకోవడం ఇంకా మంచిది కాదా?

జవాబు: ఒకప్పుడు శాస్త్రవేత్తలు కూడా సరిగ్గా ఇలాగే ఆలోచించారు. కూరగాయలు ఎక్కువగా తినేవారిలోను, రక్తంలో బీటా కెరోటిన్ (క్యారెట్ వంటి వాటిలో ఉండే, శరీరంలో విటమిన్-ఏగా మారే పదార్థం) ఎక్కువగా ఉన్నవారిలోను ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా కనిపిస్తోందని అనేక పరిశీలనల్లో తేలడంతో, ఆ పదార్థాన్నే మాత్రగా ఇచ్చి చూద్దామని ఫిన్లాండ్‌లో పెద్ద ప్రయోగం తలపెట్టారు. 50 నుంచి 69 ఏళ్ల మధ్య వయసున్న 29,133 మంది పొగతాగే పురుషులను ఎంచుకుని, కొందరికి రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, కొందరికి విటమిన్-ఇ, కొందరికి రెండూ, మిగిలినవారికి మందేమీ లేని మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో వేసుకునేవారికీ తెలియదు, పరీక్షించే డాక్టర్లకూ తెలియదు. ఐదు నుంచి ఎనిమిదేళ్ల తరువాత, 1994లో ఫలితాలు బయటపెట్టినప్పుడు బీటా కెరోటిన్ వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా కనిపించింది. అమెరికాలో పొగతాగేవారి మీద, ఆస్‌బెస్టాస్ పనివారి మీద ఇలాంటి ప్రయోగమే మరొకటి జరుగుతుండగా, అక్కడా ఊపిరితిత్తుల క్యాన్సర్లు 28 శాతం పెరిగినట్టు తేలి, 1996లో దానిని గడువుకు ముందే ఆపివేయవలసి వచ్చింది.

పరిశీలనలు అబద్ధం కాదు, వాటి నుంచి తీసిన అర్థమే తప్పు. కూరగాయలు ఎక్కువగా తినేవారు సాధారణంగా పొగ తక్కువగా తాగుతారు, ఒళ్లు ఎక్కువగా కదిలిస్తారు, ఆరోగ్యం విషయంలో ఇంకా ఎన్నో జాగ్రత్తలు తీసుకుంటారు. వారిని కాపాడినది వీటిలో ఏదైనా కావచ్చు, ఇవన్నీ కలిసి కావచ్చు. పైగా కూరగాయలో వందల పదార్థాలు కొద్దికొద్దిగా ఉంటాయి. ఒక్కదానిని విడదీసి, ఆహారంలో మామూలుగా దొరికేదానికంటే చాలా ఎక్కువ మోతాదులో ఇస్తే శరీరంలో అది వేరే విధంగా పనిచేయవచ్చు. ఆ తరువాత కూడా ఇలాంటి అనుభవాలే ఎదురయ్యాయి. విటమిన్-ఇ ప్రోస్టేట్ క్యాన్సర్‌ను ఆపుతుందని ఆశించి 35 వేలకు పైగా పురుషులపై జరిపిన ప్రయోగంలో ఆ క్యాన్సర్ 17 శాతం పెరిగినట్టు 2011లో తేలింది. విటమిన్-డి విషయంలో 25,871 మందిని సగటున ఐదేళ్లకు పైగా గమనించినా క్యాన్సర్ కేసులు తగ్గలేదు. కాబట్టి పొగతాగే అలవాటు ఉన్నవారు బీటా కెరోటిన్ మాత్రలను వాడనే కూడదు. మిగిలినవారు కూడా డాక్టరు లోపం ఉందని చెప్పకుండా ఇటువంటి మాత్రలను క్యాన్సర్ నివారణ కోసం వేసుకోవలసిన పని లేదు. కూరగాయలను కూరగాయలుగానే తినండి.

ప్రశ్న: క్యాన్సర్ రాకుండా టీకా ఎప్పటికి వస్తుంది?

జవాబు: రెండు టీకాలు ఇప్పటికే ఉన్నాయి, వాటిని క్యాన్సర్ టీకాలని మనం పిలవడం లేదంతే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు హెచ్‌పీవీ అనే వైరస్ మూలమని చూపినందుకు జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ త్సుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. ఆ వైరస్‌కు విరుగుడుగా 2006లో టీకా వచ్చింది. పదిహేడేళ్లు నిండకముందే టీకా తీసుకున్న అమ్మాయిల్లో ఈ క్యాన్సర్ ముప్పు 88 శాతం తక్కువగా ఉన్నట్టు స్వీడన్ పరిశోధకులు 2020లో ప్రకటించారు. స్కాట్లండ్‌లో 12, 13 ఏళ్ల వయసులో టీకా తీసుకున్నవారిలో ఒక్క కేసు కూడా కనిపించలేదని 2024లో వెల్లడైంది. వైరస్ సోకకముందే ఇస్తేనే టీకాకు పూర్తి బలం కాబట్టి చిన్న వయసుకు అంత ప్రాధాన్యం. ఈ ఫలితాలను చూసినప్పుడల్లా నాకు ఎంతో సంతోషం కలుగుతుంది, ఎందుకంటే క్యాన్సర్ నివారణలో ఇంత స్పష్టమైన విజయాలు చాలా అరుదు.

రెండవది, కాలేయానికి సోకే హెపటైటిస్-బి వైరస్‌ను ఆపే టీకా. తైవాన్‌లో 1984లో పసికందులకు దీనిని ఇవ్వడం మొదలుపెట్టాక, పదేళ్లు తిరిగేసరికి అక్కడి పిల్లల్లో కాలేయ క్యాన్సర్ దాదాపు సగానికి తగ్గింది.

ఇవి రెండూ వైరస్‌లను అడ్డుకునేవి. వైరస్‌తో సంబంధం లేని క్యాన్సర్లకు టీకా తయారుచేయడం చాలా కష్టం, ఎందుకంటే అక్కడ శత్రువు మన సొంత కణమే. పెద్దపేగు వంటి క్యాన్సర్ల ముప్పును పెంచే లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపం ఉన్నవారి మీద మాత్రం ఆశాజనకమైన ప్రయత్నం జరుగుతోంది. డీఎన్‌ఏ నకలులో దొర్లే పొరపాట్లను సరిదిద్దే జన్యువు వీరిలో దెబ్బతిని ఉంటుంది. దానివల్ల క్యాన్సర్‌గా మారబోయే కణాల్లో ఒకే తరహా వికృత ప్రోటీన్లు పదేపదే కనిపిస్తాయి. వాటిని గుర్తుపట్టేలా రోగనిరోధక వ్యవస్థకు ముందే నేర్పాలన్నది ఈ టీకాల ఉద్దేశం. తొలి దశ పరీక్షల్లో రోగనిరోధక వ్యవస్థ స్పందించింది. క్యాన్సర్లు నిజంగా తగ్గుతాయని చెప్పాలంటే ఇంకా పెద్ద ప్రయోగాలు జరగాలి.

ప్రశ్న: మా బంధువు ఒకావిడ జీవితంలో ఎన్నడూ పొగ తాగలేదు, అయినా ఆమెకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. గాలి కాలుష్యం కారణమంటున్నారు. అది ఎలా సాధ్యం?

జవాబు: ముందుగా, ఆమెకు ఈ జబ్బు రావడంలో ఆమె తప్పు ఏమీ లేదని మీ ఇంట్లో అందరికీ చెప్పండి. ఒక వ్యక్తి విషయంలో ఫలానాదే కారణమని తేల్చి చెప్పడం సాధ్యం కాదు. అయితే కాలుష్యం ఎలా పనిచేస్తుందో ఇటీవలి పరిశోధన బాగా వివరించింది.

హానికర పదార్థాలు డీఎన్‌ఏను దెబ్బతీసి కణాన్ని క్యాన్సర్‌గా మారుస్తాయని చాలాకాలంగా అనుకుంటూ వచ్చాం. పొగాకు విషయంలో అది నిజమే. కానీ లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థకు చెందిన చార్లెస్ స్వాంటన్ బృందం 2023లో ప్రచురించిన పరిశోధనలో మరో దారి బయటపడింది. క్యాన్సర్ లేని మామూలు ఊపిరితిత్తుల నుంచి తీసిన 295 నమూనాలను వారు పరీక్షించగా, 18 శాతం నమూనాల్లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో క్యాన్సర్‌కు దారితీయగల మార్పులు కనిపించాయి. వయసుతోపాటు ఇలాంటి కణాలు అక్కడక్కడా ఏర్పడుతూనే ఉంటాయి. నివురుగప్పిన నిప్పులా పడి ఉండే ఈ కణాల్లో చాలావరకు ఎన్నటికీ హాని చేయవు. అయితే పీఎం 2.5 అనే అతి సూక్ష్మ ధూళికణాలు ఊపిరితిత్తుల్లోకి చేరినప్పుడు, వాటిని తొలగించడానికి వచ్చే రక్షక కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే రసాయనాన్ని విడుదల చేసి వాపు పుట్టిస్తాయి. ఆ వాపులోనే నిద్రాణంగా ఉన్న కణం మేల్కొని విభజన చెందడం మొదలుపెడుతుంది. అంటే ధూళి కొత్తగా జన్యువును చెడగొట్టనవసరం లేదు, ఉన్న చెడును లేపితే చాలు. ఇదే జన్యుమార్పు పెట్టిన ఎలుకలు ధూళి పీలుస్తున్న రోజుల్లో ఆ రసాయనాన్ని అడ్డుకునే యాంటీబాడీ ఇస్తే, వాటిలో కణితులు తక్కువగా ఏర్పడ్డాయి.

మనుషుల్లోనూ ఒక సూచన ఉంది. గుండెపోటు వచ్చినవారికి అదే రసాయనాన్ని అడ్డుకునే కనకినుమాబ్ అనే మందు ఇచ్చిన ప్రయోగంలో, ఊపిరితిత్తుల క్యాన్సర్ కేసులు తగ్గినట్టు 2017లో అనుకోకుండా కనిపించింది. కానీ ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. ఆరోగ్యంగా ఉన్నవారికి ఇచ్చే మందుకు ఆ ప్రమాదం ఉండకూడదు. అందుకే ప్రస్తుతానికి గాలిని శుభ్రంగా ఉంచడమే అసలైన నివారణ, అది వ్యక్తుల చేతుల్లో కంటే ప్రభుత్వాల చేతుల్లోనే ఎక్కువగా ఉంది.

ప్రశ్న: రోజూ ఆస్పిరిన్ వేసుకుంటే పెద్దపేగు క్యాన్సర్ రాదంటారు. నా వయసు 72. మొదలుపెట్టవచ్చా?

జవాబు: క్యాన్సర్ నివారణ కోసమే అయితే వద్దు. పైన చెప్పిన లించ్ సిండ్రోమ్ ఉన్నవారిలో మాత్రం దీనికి మంచి ఆధారం ఉంది: రోజుకు 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ తీసుకున్న 427 మందిలో 40 మందికి, మందు లేని మాత్ర తీసుకున్న 434 మందిలో 58 మందికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. ఆ తేడా కనబడటానికి కూడా ఏళ్లు పట్టింది. మీ వయసువారి సంగతి వేరు. ఎక్కువమంది 70 దాటినవారైన 19,114 మందిపై జరిగిన ప్రయోగంలో రక్తస్రావాలు పెరిగాయి, క్యాన్సర్ మరణాలు కూడా తగ్గకపోగా కొంత ఎక్కువగానే నమోదయ్యాయి. గుండె జబ్బు కోసం డాక్టరు ఇప్పటికే రాసి ఉంటే దానిని సొంతంగా మానేయకండి. మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా 50 ఏళ్లలోపే పెద్దపేగు లేదా గర్భసంచి క్యాన్సర్ వచ్చి ఉంటే, ఆస్పిరిన్ గురించి ఆలోచించే ముందు జన్యు పరీక్ష గురించి, కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) గురించి డాక్టరును అడగండి. కొలనోస్కోపీలో పాలిప్‌లు (పేగు లోపలి పొరపై పెరిగే చిన్న బుడిపెలు) కనబడితే, అవి క్యాన్సర్‌గా మారకముందే అప్పటికప్పుడు తీసివేస్తారు.