టెక్ సందేహాలు: థ్రాటిల్‌కు ఎగ్జాస్ట్ వేడి అవసరమా?

ప్రశ్న: నేను అమెరికాలోని ఇల్లినాయిస్‌లో ఉంటున్నాను. 1924 నాటి ఫోర్డ్ మోడల్ టీ కారును బాగుచేసుకుంటున్నాను. తేమగా, చల్లగా ఉన్న ఉదయాల్లో పది నిమిషాలు నడిచాక ఇంజిన్ ఆగిపోతోంది. కాసేపటికి తనంతట తానే సర్దుకుంటోంది. ఇంజిన్‌లోకి వెళ్లే మిశ్రమాన్ని అదుపు చేసే థ్రాటిల్ చుట్టూ తొడుగు బిగించి, అది వేడిగా ఉండేలా అందులోకి ఎగ్జాస్ట్ వాయువును (ఇంజిన్ బయటికి వదిలే కాలిన వాయువును) పంపవచ్చా?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి, గాలిలో పెట్రోలును కలిపే కార్బ్యురేటర్ లోపల మంచు పేరుకుంటోందని అనుమానించాలి. ఒక కిలో పెట్రోలు ఆవిరి కావడానికి సుమారు 350 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ వేడిని అది తనతో కలిసే గాలి నుంచే లాక్కుంటుంది కనుక, కిలోకు దాదాపు 15 కిలోల గాలి చొప్పున కలిసే మిశ్రమంలో పెట్రోలంతా ఆవిరైతే గాలి ఇరవై డిగ్రీలకు పైగా చల్లబడుతుంది. బయట 10 డిగ్రీలున్నా లోపల సున్నా కంటే దిగువకు పోవచ్చు. అప్పుడు గాలిలోని తేమ థ్రాటిల్ పలక అంచున గడ్డకట్టి దారి మూసేస్తుంది. బండి ఆగాక ఇంజిన్ వేడికి ఆ మంచు కరిగిపోతుంది కాబట్టి విప్పి చూసేసరికి ఏ ఆనవాలూ మిగలదు. ఇప్పుడు అక్కడ దొరికే పెట్రోలులో పది శాతం వరకు కలిసే ఇథనాల్ ఆవిరి కావడానికి మరింత వేడి తీసుకుంటుందన్నది కూడా గుర్తుంచుకోండి.

ఆ కాలపు ఇంజనీర్లను వేధించినది మంచు ఒక్కటే కాదు. 1910లలో కార్లు పెరిగి, గిరాకీ తీర్చడానికి బరువైన, సులభంగా ఆవిరికాని పెట్రోలు అమ్మకానికి వచ్చింది. ఆవిరికాని బిందువులు సిలిండర్ గోడలపై ఉన్న నూనెను కడిగేసి, కింది నూనెలో చేరి దాన్ని పలచన చేసేవి. అందుకే మోడల్ టీలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను (సిలిండర్ల నుంచి కాలిన వాయువును బయటికి తీసుకెళ్లే గొట్టాన్ని) తాకి వేడెక్కిన గాలిని రేకు గొట్టం ద్వారా కార్బ్యురేటర్‌కు అందించారు. 1926, 1927 కార్లకు ఎగ్జాస్ట్ వేడితో మిశ్రమాన్నే ఆవిరి చేసే వేపరైజర్‌ను కూడా అమర్చారు.

ఎగ్జాస్ట్ వాయువును నేరుగా థ్రాటిల్ చుట్టూ తిప్పడం మాత్రం నేను ఒప్పుకోను. తొడుగులో మసి పేరుకుంటుంది, ఎక్కడైనా చిన్న పగులు వస్తే కాలిన వాయువు మిశ్రమంలో కలుస్తుంది, పైగా వేడిని అదుపు చేసే మార్గం ఉండదు. రేకు గొట్టం ఊడిపోయి ఉంటే ముందు దాన్నే తిరిగి బిగించండి. వేసవిలో మాత్రం తీసేయండి, ఎందుకంటే 20 డిగ్రీల గాలిని 60 డిగ్రీలకు వేడిచేస్తే దాని సాంద్రత 12 శాతం తగ్గి, బండి శక్తి కూడా దాదాపు అంతే తగ్గుతుంది.

గొట్టం బిగించాక కూడా ఇంజిన్ ఆగిపోతుంటే, పెట్రోలు ట్యాంకు మూతలోని సన్నని గాలి రంధ్రాన్ని చూడండి. అది పూడుకుపోయినా ట్యాంకులో శూన్యం ఏర్పడి, పెట్రోలు దిగక, అచ్చం ఇవే లక్షణాలు కనిపిస్తాయి.