టెక్ సందేహాలు: తెలుగులో కథల గేమ్ చేయాలంటే

ప్రశ్న: చదివేవాళ్లే దారి ఎంచుకుంటూ పోయే కథల గేమ్ తెలుగులో చేయాలనుంది. కోడింగ్ రాదు. 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉంది. దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: ట్వైన్‌తో. క్రిస్ క్లిమస్ 2009లో విడుదల చేసిన ఉచిత, ఓపెన్ సోర్స్ టూల్ ఇది. మీ ల్యాప్‌టాప్ చాలు. ఇలాంటి గేములకే ఉన్న మరో టూల్ ఇన్‌ఫామ్ 7 జోలికి మాత్రం ఇప్పుడే పోకండి. అందులో ఆడేవాళ్లు ఏం చేయాలో టైప్ చేయాలి. టైప్ చేసినదాన్ని అర్థం చేసుకునే దాని పార్సర్ ఇంగ్లిష్ వాక్యాల కోసం తయారైంది. క్రియ చివర వచ్చే మన ‘తలుపు తెరువు’ను దానికి నేర్పడం పెద్ద పని. ట్వైన్‌లో లింకు నొక్కడమే కాబట్టి ఆ గొడవ లేదు.

కొత్త కథ తెరిస్తే ఒక చదరపు పెట్టె కనిపిస్తుంది. అదే పాసేజ్. దానిమీద డబుల్ క్లిక్ చేసి ఇలా రాయండి:

మెట్ల కింద తలుపు ఓరగా వేసి ఉంది.
[[తలుపు తెరువు->చీకటి గది]]
[[వెనక్కి పో->వీధి]]

బాణానికి ఎడమవైపు ఉన్నది తెరమీద కనిపిస్తుంది, కుడివైపు ఉన్నది వెళ్లాల్సిన పాసేజ్ పేరు. ఆ పేర్లతో రెండు కొత్త పెట్టెలు వాటంతటవే వస్తాయి. బిల్డ్ ట్యాబ్‌లో ప్లే నొక్కి చూసుకోండి.

ముందు పది పాసేజ్‌ల కథ ఒకటి పూర్తి చేయండి. ‘తాళంచెవి ఉంటేనే తలుపు తెరుచుకోవాలి’ లాంటి షరతులు ఆ తర్వాత. కథను నడిపించే పద్ధతిని ట్వైన్‌లో ఫార్మాట్ అంటారు. మామూలుగా వచ్చే హార్లో ఫార్మాట్‌లో వీటికి సెట్, ఇఫ్ మ్యాక్రోలు (చిన్న ఆదేశాలు) వాడాలి. వేరియబుల్ (తాళంచెవి ఉందా లేదా లాంటి విలువను గుర్తుపెట్టుకునేది) పేరు డాలర్ గుర్తుతో మొదలవుతుంది. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి. విలువ ఇచ్చేటప్పుడు ‘టు’, పోల్చేటప్పుడు ‘ఈజ్’. ఈ రెండూ తారుమారైతే ఎర్రరంగులో ఎర్రర్ వస్తుంది. ఇంకో తలనొప్పి: షుగర్‌క్యూబ్ అనే ఇంకో ఫార్మాట్ కోసం రాసిన కోడ్ హార్లోలో నడవదు. వీడియో చూసి కాపీ కొట్టేముందు అది ఏ ఫార్మాటో చూడండి.

ప్రశ్న: ట్వైన్‌లో ‘స్టేషన్’ పాసేజ్ ఉండగానే అదే పేరుతో ఇంకో ఖాళీ పాసేజ్ వస్తోంది. స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది. ఎందుకిలా?

జవాబు: మన కంటికి ఒకటే, ట్వైన్‌కు రెండు. పొల్లు తర్వాత వచ్చే అక్షరం వత్తుగా మారకుండా కొన్ని తెలుగు కీబోర్డులు ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అనే కనబడని అక్షరాన్ని చేరుస్తాయి. ఒక చోట అది ఉండి, ఇంకో చోట లేకపోతే పేర్లు కలవవు. లింకులో ‘న్’ తర్వాత కర్సర్ పెట్టి ఒక్కసారి బ్యాక్‌స్పేస్ నొక్కండి. ఏమీ మారినట్టు కనిపించకపోతే దొంగ దొరికినట్టే. ఖాళీ పాసేజ్‌ను చేత్తో తీసేయండి. ఇకనుంచి గది, వీధి, మెట్లు వంటి పొల్లుతో ముగియని పేర్లు పెట్టండి, లేదా పేరును కాపీ చేసి అతికించండి.

ప్రశ్న: బ్రౌజర్‌లో రాసుకున్న కథ మాయమైంది. తిరిగి వస్తుందా?

జవాబు: ఆర్కైవ్ ఫైల్ (కథల బ్యాకప్) తీసిపెట్టుకుని ఉంటే ఇంపోర్ట్‌తో వస్తుంది. లేకపోతే కష్టమే. బ్రౌజర్ వెర్షన్‌లో కథ ఆ బ్రౌజర్ స్టోరేజ్‌లోనే ఉంటుంది. కుకీలు, సైట్ డేటా క్లియర్ చేస్తే దాంతోపాటే పోతుంది. డెస్క్‌టాప్ యాప్ వేసుకోండి, అది డాక్యుమెంట్స్‌లోని ట్వైన్ ఫోల్డర్‌లో ఫైళ్లుగా దాస్తుంది. బ్రౌజర్‌లోనే రాస్తానంటే, రోజూ పని ముగించి లేచేముందు లైబ్రరీ ట్యాబ్‌లో ఆర్కైవ్ నొక్కండి.