నైట్రోజన్ లేదని కణానికి ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: నైట్రోజన్ అందించే నైట్రేట్ లేని మీడియంలోకి మార్చిన సయనోబాక్టీరియా (వెలుతురుతో బతికే నీలిపచ్చ సూక్ష్మజీవులు) ఫ్లాస్కు రెండు మూడు రోజుల్లో నీలిపచ్చ రంగు పోయి పసుపుగా తయారైంది. చచ్చిపోయిందనుకుని పారబోయబోతుంటే మా సీనియర్ ఆపి, కాస్త నైట్రేట్ వేసి చూడమన్నారు. మళ్లీ పచ్చబడింది! ఇంతకీ నైట్రోజన్ అయిపోయిందని ఆ కణానికి చెప్పేదెవరు?

జవాబు: పారబోయలేదు, మంచిపని చేశారు. ఆ రంగు పోవడం చావు కాదు, పొదుపు. వెలుతురును పట్టే నీలిరంగు ఫైకోబిలిసోములు నిండా ప్రొటీనే కాబట్టి కణం ముందు వాటినే విప్పి, అందులోని నైట్రోజన్ వాడుకుంటుంది.

ఇక చెప్పేదెవరంటే, పీ-టూ అనే చిన్న సిగ్నల్ ప్రొటీన్. (పేరు చూసి ఏదో గొప్ప అర్థం ఉందనుకోకండి, మొదట ఇ. కోలై బాక్టీరియాలో దీన్ని వేరుచేస్తున్నప్పుడు, ప్రొటీన్లను విడదీసే కాలమ్ నుంచి రెండో పీక్‌లో వచ్చిందని అలా పిలిచారు, అదే నిలిచిపోయింది.) తమాషా ఏమిటంటే ఇది నైట్రోజన్‌ను నేరుగా కొలవదు. కణంలోకి వచ్చిన నైట్రోజన్‌ను అమ్మోనియా రూపంలో ఎక్కించుకునే కార్బన్ అణువు 2-ఆక్సోగ్లూటరేట్ ఎంత పోగుపడిందో చూస్తుంది. సరుకు రాకపోతే ఖాళీ బళ్లు బారులు తీరతాయి కదా, అలాగన్నమాట. చాలా జీవుల్లో ఆ బళ్లను వేరే దారిలో నడిపే 2-ఆక్సోగ్లూటరేట్ డీహైడ్రోజినేజ్ ఎంజైమ్ ఉంటుంది, వీటిలో అది లేదు, అందుకే లెక్క ఇంత నమ్మకంగా కుదురుతుంది.

పీ-టూ మూడు ఒకేలాంటి ముక్కలు కలిసిన ప్రొటీన్. ముక్కల మధ్య సందుల్లో ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) కూర్చుంటేనే దాని పక్కన 2-ఆక్సోగ్లూటరేట్‌కి చోటు, ఏడీపీ (శక్తి ఖర్చయ్యాక మిగిలే దాని రూపం) కూర్చుంటే లేదు. అంటే శక్తి ఉందా, కార్బన్ మిగిలిందా అన్న రెండూ ఒకే చోట తేలిపోతాయి. అక్కడ ఏది కూర్చుందన్నదాన్ని బట్టి టీ-లూప్ అనే కొస ఆకారం మారుతుంది, దాంతో పీ-టూ ఏ ప్రొటీన్లను పట్టుకుంటుందన్నది మారుతుంది.

నైట్రోజన్ బాగా ఉన్నప్పుడు అది నైట్రోజన్ ఎక్కువగా ఉండే అర్జినిన్ అనే అమైనో ఆమ్లం తయారీని నడిపే ఎన్ఏజీకే ఎంజైమ్‌ను పట్టుకుని పని పెంచుతుంది. పిప్‌ఎక్స్, పిర్‌సీ అనే రెండు చిన్న ప్రొటీన్లను మాత్రం కదలనీయకుండా తన దగ్గరే ఉంచుకుంటుంది. 2-ఆక్సోగ్లూటరేట్ పెరగ్గానే ముగ్గురినీ వదిలేస్తుంది. పిప్‌ఎక్స్ వెళ్లి, జన్యువులను నడిపే ఎన్‌టీసీఏ అనే ప్రొటీన్‌తో కలిసి, నైట్రోజన్‌ను వెతికి లోపలికి తెచ్చే జన్యువులను లేపుతుంది. నాకు మరీ నచ్చేది పిర్‌సీ సంగతి, 2021లో సినెకోసిస్టిస్ అనే సయనోబాక్టీరియాలో బయటపడింది: అది ఫాస్ఫోగ్లిసరేట్ మ్యూటేజ్ అనే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది, అప్పుడు కిందికి పోవాల్సిన కార్బన్ వెనక్కి మళ్లి గ్లైకోజెన్‌గా (చక్కెర గొలుసుల నిల్వ) దాచబడుతుంది. పిర్‌సీ తీసేసిన రకంలో గ్లైకోజెన్ తగ్గి పీహెచ్‌బీ అనే బయోప్లాస్టిక్ పెరుగుతుంది కాబట్టి దీని మీద ప్లాస్టిక్ వాళ్ల కన్ను కూడా పడింది.

మీ ఫ్లాస్కు లేచింది ఆ గ్లైకోజెన్ మీదే. ఈసారి నైట్రేట్ వేశాక మొదటి రోజు రంగు పెద్దగా మారకపోతే టెన్షన్ పడకండి. అప్పుడు కణం కాంతి మీద ఆధారపడకుండా దాచుకున్న గ్లైకోజెన్‌ను ఖర్చుపెడుతూ ముందు ప్రొటీన్లు తయారుచేసే యంత్రాంగాన్ని సరిచేసుకుంటుంది, పచ్చదనం వంతు ఆ తర్వాతే. దాదాపు 48 గంటలు ఆగి చూడండి.