పాఠకుల ప్రశ్నలు: బోరింగు నీళ్లూ, బి.ఎస్సీ. ప్రాజెక్టూ

ప్రశ్న: మేము ఆరుగురం బి.ఎస్సీ. కెమిస్ట్రీ విద్యార్థులం. మొదటి సంవత్సరం పూర్తయిన ఈ వేసవిలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. మా సీనియర్లు ఇంటింటికీ తిరిగి ప్రశ్నపత్రాలు నింపించి, స్పైరల్ బైండింగు చేయించి క్రెడిట్లు తెచ్చుకున్నారు గానీ, ఊరివాళ్ల చేతికి ఒక్క కాగితమూ చేరలేదు. మా వైపు ఫ్లోరైడు బెడద ఉంది కనుక మేము నీటి పరీక్షలు చేద్దామనుకుంటున్నాం. అవి ఊరికి నిజంగా పనికిరావాలంటే ఏం చేయాలి?
— ఒక విద్యార్థిని, కనిగిరి ప్రాంతం

జవాబు: కనిగిరి, దర్శి, పొదిలి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే, షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు అక్కడి జనం ఎముకల వ్యాధికీ తాగునీటిలోని ఫ్లోరైడుకూ ఉన్న సంబంధాన్ని ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వివరించారు. కాబట్టి ‘మా ప్రాంతంలో ఫ్లోరైడు ఉందా?’ అన్న ప్రశ్నకు జవాబు మీరు పుట్టకముందే వచ్చేసింది. దాన్నే మళ్లీ నిరూపించడానికి 180 గంటలు ఖర్చు పెట్టకండి. ఊళ్లో బిందె పట్టుకుని నిలబడ్డ మనిషికి కావలసింది వేరు. ఈ బోరింగు నీళ్లు తాగొచ్చా, వద్దంటే దగ్గరలో ఏవి తాగొచ్చు? మీ ప్రాజెక్టు ఈ రెండు ముక్కలకు జవాబు చెబితే చాలు.

రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు నీటిలోకి దిగుతుంది. బోరు లోతును బట్టి, అది తగిలిన రాతి పగుళ్లను బట్టి, ఒకే వీధిలోని రెండు బోర్ల మధ్య కూడా చాలా తేడా రావచ్చు. అందువల్ల పది బోర్ల ఫలితాలు కలిపి ‘గ్రామ సగటు’ అని నివేదికలో రాయడం ఎవరికీ ఉపయోగపడదు. సగటు నీళ్లను ఎవరూ తాగరు. పది గ్రామాలు తిరిగి గ్రామానికి మూడేసి సీసాలు తెచ్చుకోవడం కంటే, ఒకటి రెండు గ్రామాలే ఎంచుకుని అక్కడ తాగడానికి వాడే ప్రతి బోరునూ, కుళాయినీ పరీక్షించడం మేలని నా అభిప్రాయం.

పనిలో దిగాక చిన్న విషయాలే పెద్దవవుతాయి. ఫ్లోరైడు నమూనాకు గాజు సీసా వాడకండి, ప్లాస్టిక్ సీసా తీసుకోండి. గొట్టంలో నిలవ ఉన్న నీళ్లు పోయేదాకా పంపు కొట్టి, అదే నీటితో సీసాను రెండు మూడు సార్లు తొలిచి, అప్పుడు నింపండి. చీటీ మీద ‘రామాలయం దగ్గరి బోరు’ అని మాత్రమే రాసి వదిలేయకండి. ఒక్కో ఊళ్లో రామాలయం దగ్గర రెండు బోర్లు ఉంటాయి. ప్రతి పంపుకూ ఒక నంబరు ఇచ్చి, చేత్తో గీసిన ఊరి పటంలో ఆ నంబరు వేయండి.

కళాశాల ల్యాబులో కలరిమీటరు (రంగు గాఢతను కొలిచే పరికరం) ఉంటే, స్పాడ్న్స్ అనే రంగు కారకాన్ని నీటిలో కలిపి చూసే పద్ధతిలో చేయవచ్చు; ఫ్లోరైడు పెరిగేకొద్దీ ఆ కారకపు ఎరుపు రంగు వెలుస్తుంది. అయితే నీటిలో అల్యూమినియం గానీ క్షారత గానీ ఎక్కువగా ఉంటే లెక్క తప్పుతుందని గుర్తుంచుకోండి. 221 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడును లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల ద్రావణం వస్తుంది. దాన్ని పలుచన చేసి ప్రామాణిక ద్రావణాలు, అంటే ఫ్లోరైడు ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలు, సిద్ధం చేసుకోండి. వాటిలో ఒకటి రెండింటిని విలువ చెప్పకుండా మీ సీసాల మధ్య కలిపి ఇమ్మని మాస్టారిని అడగండి. వాటికి మీకు సరైన విలువ రాకపోతే, ఆ రోజు మిగతా ఫలితాలేవీ నమ్మవద్దు.

భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. మీకు ఈ గీత దగ్గర్లోనో, దానికి పైనో వచ్చిన నమూనాలను గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో మరోసారి పరీక్ష చేయించాకే ఊళ్లో చెప్పండి.

చెప్పడం దగ్గరే మీ సీనియర్లు ఆగిపోయారు. బంగ్లాదేశ్‌లో బావి నీళ్లలో ఆర్సెనిక్ అనే విషపదార్థం ఉందని బయటపడ్డాక దాదాపు 50 లక్షల గొట్టపు బావులను పరీక్షించి, తాగదగిన వాటికి ఆకుపచ్చ రంగు, తాగకూడని వాటికి ఎరుపు రంగు పూశారు. చదువు రానివారికీ అర్థమైంది. చాలా కుటుంబాలు ఎర్ర పంపు వదిలి పక్కింటి పచ్చ పంపుకు మారాయి. మీరు పంచాయతీ అనుమతి తీసుకుని అలాంటి పనే చేయవచ్చు. కానీ ఎరుపు పూసిన చోట పచ్చ పంపు ఎక్కడుందో కూడా చెప్పాలి. ఎరుపు పంపు నీళ్లు స్నానానికీ బట్టలకూ వాడుకోవచ్చనీ, కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదనీ, పైగా నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుందనీ ఇంటి ఆడవాళ్లకు నోటితో చెప్పాలి.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. పళ్ల మీద గారలు చూసి ‘మీకు ఫ్లోరోసిస్ (ఫ్లోరైడు వల్ల వచ్చే జబ్బు)’ అని తేల్చేయకండి, అది వైద్యుల పని. నడుము వంగిన వృద్ధుల ఫోటోలు తీసి నివేదిక అట్ట మీద వేయడం చూశాను. ఆ అలవాటు మీకు వద్దు.

ప్రశ్న: మా గ్రూపులో ఇద్దరు అసలు పనిచేయరు, మార్కులు మాత్రం అందరికీ సమానం. ఏం చేయాలి?
— డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: నీటి పరీక్షల వంటి ప్రాజెక్టయితే పని ఎవరిదో సీసాయే చెబుతుంది. నమూనా పట్టినవారు, పరీక్ష చేసినవారు చీటీ మీద పొడి అక్షరాలు వేయాలని మొదటిరోజే నియమం పెట్టుకోండి. వైవాలో (మౌఖిక పరీక్షలో) ఆ నంబర్ల మీదే ప్రశ్నలు అడగమని మీ మాస్టారిని కోరండి. అయితే రానివాళ్లందరూ సోమరులు కారు. వేసవిలో కూలికి వెళ్లే కుర్రవాడు ఉంటాడు, పొరుగూరు పంపని ఇంటి అమ్మాయి ఉంటుంది. వాళ్లకు ల్యాబులో ద్రావణాలు తయారుచేసే పనో, ఫలితాల చీటీలు రాసే పనో అప్పగించండి. ఫిర్యాదు చేయాలనుకుంటే, అంతకుముందు వాళ్లను ఒకసారి నేరుగా అడగండి.